గడ్డం కింద చెయ్యి

మహారాష్ట్ర అంచున ప్రాణహిత నది ఒడ్డున ఉన్న సిరొంచ బజారులో మల్లక్క నడిచి వస్తుంటే ఎదురొచ్చేవాళ్లు ఒక్క క్షణం ఆగుతారు. ఆమె తమ ఇంటి వైపు తిరుగుతుందేమోనని చూసి, తిరగలేదని తేలాక ఊపిరి వదిలి మళ్లీ బేరాల్లో పడతారు. యాభై ఏళ్లుగా ఆ ఊరి వ్యాపారుల ఇళ్లలో ఆడమనిషి పోతే నీళ్లు పోసి, పసుపు రాసి, చీర కట్టి సాగనంపేది ఆమే. పిలుపు వస్తేనే ఇత్తడి చెంబు పట్టుకుని వెళుతుంది. పెరటి గుమ్మంలోంచి లోపలికి పోయి, ఆ గుమ్మంలోంచే బయటికి వస్తుంది. లోపల ఏం చూసిందో పెదవి విప్పి చెప్పదు. పిలవకుండా ఆమె ఒక గడప ముందు నిలబడితే ఆ ఇంట్లోంచి పాడె లేస్తుందని ఊరంతా నమ్ముతుంది. ఆ మాట ఆమె కూడా నమ్ముతుంది.

అటువంటి తల్లికి పుట్టిన భాగ్య చంద్రపూర్‌లో డిప్లొమా చదివి, జడ్పీ బడిలో డ్రాయింగ్ మేడం అయింది. తాతముత్తాతలు సెంటు భూమి లేక పరాయి పొలాల్లో నడుము వంచిన ఇంట్లో నెల జీతం చూసిన మొదటి మనిషి ఆమె. తల్లి పని ఊసెత్తితే చాలు, మాట మార్చేస్తుంది. బడిలో తోటి టీచర్లు ఇళ్లలో శుభకార్యాలకు పిలిచినప్పుడు, "మీ అవ్వను కూడ తీసుకురా" అని ఎవరూ అనకపోవడం ఆమెకు ముల్లులా గుచ్చుకునేది. తల్లి నిజంగానే వస్తే ఎక్కడ తల దాచుకోవాలో తెలియదని ఇంకో భయం.

అందుకే నాగేశ్వర్ సేట్ ఇంటి నుంచి కిష్టన్న కబురు తెచ్చినప్పుడు ఆమె కాళ్లు నేల మీద నిలవలేదు. కిష్టన్న ఆ ఇంట్లో నలభై ఏళ్లుగా పనిచేస్తున్న మనిషి.

"చిన్న కోడలమ్మ బొమ్మ గీయాల్నట మేడం. నూనె రంగులతోని, పెద్దగ. రేపు బడి ఇడిసినంక ముందు దర్వాజలకెల్లే రమ్మన్నరు" అన్నాడు.

ముందు గుమ్మం అని ప్రత్యేకంగా చెప్పినందుకు ఒళ్లు మండాల్సింది. భాగ్యకు సంతోషం వేసింది. ఎంత చదువుకున్నా మనిషి మనిషే కదా.

ఆ సంగతి ఇంటికి వచ్చి చెబితే మల్లక్క బియ్యం ఏరుతున్న చేతిని ఆపి, "ఆ ఇంట్ల ఏం తాగకు బిడ్డా" అంది. ఎందుకని అడిగితే మళ్లీ బియ్యం మీదికి తల వంచింది. తన కూతురు ముందు గుమ్మంలోంచి పోవడం చూసి ఓర్వలేకపోతోందా ఏమిటి అని భాగ్యకు ఒక పాపిష్టి ఆలోచన కూడా వచ్చింది.

నాగేశ్వర్ ఇంటి పెద్ద గదిలో గోడకు నిలువెత్తు పటం ఒకటి ఉంది. ఇంగ్లీషువాళ్ల కాలపు నూనె రంగుల బొమ్మ. వార్నిషు ముదిరి అంతా బెల్లం రంగులోకి తిరిగింది. ఆకుపచ్చ పట్టుచీర కట్టిన పాతికేళ్ల స్త్రీ కుర్చీలో కూర్చుని, మోచేయి దిండు మీద ఆనించి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, సగం మూసిన కళ్లతో కిందికి చూస్తూ ఏదో ఆలోచనలో మునిగి ఉంది. మెడకు వెడల్పాటి బంగారు కంటె. వెనక కిటికీలోంచి ప్రాణహిత ఒక సన్నటి బూడిదరంగు చారలా కనిపిస్తుంది. భాగ్య చూపు తిప్పుకోలేకపోయింది.

"మా మామగారి నాయనమ్మ, కాశీబాయి" అంది కమలాబాయి. నాగేశ్వర్ తల్లి ఆమె. ఎనభై దగ్గరపడుతున్నా ఆ ఇంట్లో ఆమె కళ్లు ఎటు తిరిగితే అందరూ అటే. "నాగ్‌పూర్ నుంచి ఆర్టిస్టును పిలిపించి గీయించిన్రు. గట్ల నెమ్మదిగ ఆలోచన చేసుకుంట కూసునేదట. జన్మల గొంతు పెంచలే. మా గౌతమిని గిట్లనే గీయాలె. అదే కుర్సీ, అదే కంటె."

ఆ పటం పక్కన దండ వేసిన ఫోటో ఉంది. నాగేశ్వర్ భార్య సుమన్‌బాయి. కొడుకు ప్రతీక్ రెండేళ్ల పిల్లవాడిగా ఉన్నప్పుడు గుండెనొప్పితో పోయిందని ఊళ్లో చెప్పుకునేవారు. ఆమె కూడా అదే కుర్చీలో, అదే కంటెతో, గడ్డం కింద చెయ్యి పెట్టుకునే ఉంది. ఆ ఫోటో పక్కన గోడకు కొత్త మేకు కొట్టి ఉంది. సున్నం పొడి ఇంకా నేల మీద తుడవలేదు.

"బొమ్మ కాకముందే మేకు కొట్టించిన్రా బాయీ" అని నవ్వింది భాగ్య.

"జాగ ఖాళీ ఉంచొద్దు" అంది కమలాబాయి. ఆమె నవ్వలేదు.

గౌతమి వచ్చి కుర్చీలో కూర్చుంది. ఇరవై నాలుగేళ్ల పిల్ల, ప్రతీక్ భార్య. పెళ్లయి రెండేళ్లు. కిందటి నెల ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి ఏటపల్లిలోని పుట్టింటికి పోయిందని, ప్రతీక్‌తో ఇక ఉండనని చెప్పిందని, తండ్రే ఆ సాయంత్రం కారులో తెచ్చి దింపిపోయాడని బజారంతా తెలుసు. కమలాబాయి కంటె తెచ్చి గౌతమి మెడకు పెట్టింది. పెట్టి, రెండు వేళ్లతో దాన్ని దవడ కిందిదాకా పైకి జరిపింది.

"జర కిందికి ఉంటెనే బాగుంటది బాయీ, మెడ కనపడాలె గద" అంది భాగ్య.

"అక్కడ ఎట్లున్నదో చూడు. గట్లనే ఉండాలె" అంది కమలాబాయి, పటం వైపు గడ్డం ఎత్తి.

నిజమే, పటంలోనూ కంటె మెడ పైభాగానికే ఉంది. పాతకాలపు అలవాటేమోనని భాగ్య పెన్సిల్ అందుకుంది. కమలాబాయి పక్కనే పీట వేసుకుని కూర్చుని, "ఈ ఇంట్లకెల్లి ఒక్క కోడలు కూడ వాపస్ పోలే టీచర్" అంది. ఎవరూ అడగని మాట అది. గౌతమి కనురెప్పలు ఒక్కసారి అదిరాయి.

మూడో రోజు భాగ్య ఇంటికి వచ్చేసరికి మల్లక్క చేతిసంచిలోంచి బట్టలు తీసి మళ్లీ పెట్టెలో సర్దుతోంది. ముల్చేరలో ఉన్న చెల్లెలు యాదక్కకు కంటి ఆపరేషన్ అయితే చూడడానికి పోవాలని వారం నుంచి సిద్ధమవుతున్న ప్రయాణం అది.

"పోతలేవా అవ్వా?"

"కిష్టన్న వచ్చిండు. పదిహేను దినాలు ఊరిడిచి పోకుమని కమలాబాయి చెప్పమన్నదట."

"ఆ ఇంట్ల ఎవరికి బాగలేదు?"

"బాగలేదని చెప్పలే" అంది మల్లక్క. చెప్పి, మడత పెట్టిన చీరనే విప్పి మళ్లీ మడత పెట్టింది.

కమలాబాయి తన చావు గురించే అనుకుంటోందేమో, ఆ వయసులో ఎవరికైనా భయం ఉంటుంది అనుకుంది భాగ్య. అనుకుంటే మనసు తేలికపడింది. తేలికపడడమే ఆమెకు కావలసింది. ఆ ఇంట్లో ఆమెను మేడం అంటున్నారు, కుర్చీ వేస్తున్నారు. అంత పెద్ద కాన్వాసు మీద అంత మంచి రంగులతో ఆమె ఎప్పుడూ గీయలేదు.

రోజూ బడి అయ్యాక గంటన్నర గీసేది. చీర మడతలు కుదిరాయి, కుర్చీ కుదిరింది. చేతి దగ్గరకు వచ్చేసరికి చిక్కు వచ్చింది. గౌతమి గడ్డాన్ని చేతి మీద పెట్టుకుంటే వేళ్లు సహజంగా వంగేవి. పటంలో వేళ్లు అలా వంగలేదు. గడ్డం బరువుకు చెయ్యి అణిగిపోలేదు కూడా, కింద ఏదో ఊత పెట్టి నిలిపినట్టుంది. ఇంకొకటి, బంగారం మీద, పట్టు మీద అంత మెరుపు తెచ్చిన ఆర్టిస్టు కళ్లలో పెట్టాల్సిన తెల్లటి చుక్క మరిచిపోయాడు. బతికున్న ఏ కంటిలోనైనా వెలుతురు తగిలేచోట ఆ చుక్క ఉంటుంది. భాగ్య ఐదో తరగతి పిల్లలకు మొదట నేర్పేది అదే. అంత పెద్ద ఆర్టిస్టుకు ఇంత చిన్న సంగతి తెలియదా అని లోలోపల కొంచెం గర్వపడింది కూడా.

ఆరో రోజు నుంచి గౌతమికి కునుకు పట్టడం మొదలైంది. రోజూ నాలుగింటికి కమలాబాయి ఆమెకు పాలగ్లాసు ఇచ్చేది. "తాకత్ మందు. పిల్ల బక్కగైంది" అనేది. తాగిన కాసేపటికి గౌతమి తల చేతి మీది నుంచి జారిపోయేది. కమలాబాయి లేచి వెళ్లి, మోచేతి కింద ఒక దిండు, దాని మీద ఇంకొకటి పెట్టి, తలను సరిచేసి, కంటెను పైకి జరిపి వచ్చి కూర్చునేది.

ఎనిమిదో రోజు కమలాబాయిని ఎవరో పిలిస్తే లోపలికి వెళ్లింది. గౌతమి పెదవులు మాత్రమే కదిపింది.

"నా ఫోను గుంజుకున్నరక్కా. నాయనకు చెప్పినా. ఓపిక పట్టుమన్నడు. పాలు తాగుతె కాళ్లు వశంల ఉంటలేవు."

భాగ్య ఏదో అనబోయేలోగా కమలాబాయి అడుగుల చప్పుడైంది. భాగ్య బ్రష్షును రంగులో ముంచింది. ఇంటికి వచ్చేదాకా ఆ పిల్ల 'అక్కా' అన్న మాట ఆమె చెవుల్లో తిరుగుతూనే ఉంది. రేపు ఆదివారం, సోమవారం చూద్దాం, భార్యాభర్తల సంగతుల్లో మనమెవరం అని ఎవరో వకీలు వాదించినట్టు తనకు తానే చెప్పుకుంది.

ఆదివారం పొద్దున్నే టీ తాగుతూ, చేతివేళ్ల చిక్కు తేల్చుకుందామని సెల్‌ఫోన్‌లో తీసుకున్న కాశీబాయి పటాన్ని పెద్దది చేసి చూస్తోంది. మల్లక్క వెనక నిలబడి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత మామూలు గొంతుతో అడిగింది.

"ఈమెకు నీళ్లు ఎవరు పోసిన్రు?"

భాగ్య టీ గ్లాసు కింద పెట్టింది.

"బతికున్న మనిషి అవ్వా. ఆలోచన చేస్తున్నది."

"చచ్చినోళ్ల దవడ జారుతది బిడ్డా. బట్టతోని కట్టాలె, లేకుంటె కింద ఏదన్న ఆసర పెట్టాలె. ఈమెకు చెయ్యి పెట్టిన్రు" అంది మల్లక్క. ముడతలు పడ్డ వేలితో ఫోను మీద కింద, పటంలోని పాదాల దగ్గర చూపించింది. "ఇది ఏంది?"

"మెట్టెల మెరుపు."

"రెండు కాళ్ల బొటనవేళ్లకు కలిపి ఒకటే మెట్టె ఉంటదా? తెల్ల దారం. కాళ్లు ఎడం కావొద్దని కట్టే దారం. గీసినోడు ఉన్నది ఉన్నట్టు గీసిండు."

భాగ్య మళ్లీ చూసింది. దారమే. ఇన్నాళ్లూ ఆ బొమ్మ ముందు కూర్చుని, వేళ్లు కుదరలేదని, కంట్లో చుక్క మరిచాడని ఆర్టిస్టుకు తప్పులు పట్టింది. అతను ఏదీ మరిచిపోలేదు. ఆ కళ్లలో చుక్క లేదు కాబట్టే పెట్టలేదు. 

"పోయినంక గీయించుకునుడు తప్పు కాదు" అంది మల్లక్క, నేల మీద కూలబడుతూ. "ఫోటువలు లేని కాలం. గని పీనుగకు కంటె దవడ కిందికి ఎక్కించి పెట్టరు. కిందికే ఉంటది. మెడ మీద దాచేది ఏమన్న ఉంటెనే పైకి ఎక్కిస్తరు. నాకెట్ల తెలుసంటవా? సుమన్‌బాయికి నీళ్లు పోసింది నేనే. కంటె తియ్యొద్దన్నది కమలాబాయి. గుండెనొప్పి అన్నరు. నీళ్లు పోస్తుంటె కంటె జారింది, మెడ చుట్టు కమిలిన వాత ఉన్నది. చూసిన. మళ్ల పైకి జరిపిన."

"ఎవరికీ చెప్పలేదా?"

"ఎవరు ఇనేటోళ్లు? నా నోట్లె నాలిక లేదనే గద నన్ను పిలుస్తరు" అంది. "అప్పుడు కూడ గిట్లనే కబురు చేసిన్రు. ఊరిడిచి పోకు అని. నాలుగు దినాలకు పిలిచిన్రు. అంతకు వారం ముందు సుమన్‌బాయికి ఫోటో తీయించిన్రు" అంది.

భాగ్య ఫోను పక్కన పెట్టేసింది. దవడ కిందికి తానే గీసిన కంటె, పాలగ్లాసు, దిండు మీద దిండు, గోడకు కొట్టిన మేకు, అన్నీ ఒక్కసారిగా ఒకచోటికి వచ్చి నిలబడ్డాయి. ముందు గుమ్మం మోజులో తాను ఆ పిల్లను చంపడానికి సాయం పడుతోంది. బొమ్మ పూర్తి కావడానికి ఇంకా రెండు రోజుల పనే ఉంది. చెయ్యి, కళ్లు దిద్దడమే మిగిలింది.

పోలీసులకు చెబుదామంటే చేతిలో ఏముంది? వందేళ్ల నాటి పటం, ముసలమ్మ మాట. పుట్టింటివాళ్లకు చెబుదామంటే వాళ్లే తెచ్చి అప్పజెప్పారు. ఆమె అలా కొట్టుకుంటుండగానే మల్లక్క లేచి దండెం మీది తెల్లచీర కట్టుకుంది. ఇత్తడి చెంబు తీసింది. పసుపు కొమ్ములు కొంగున కట్టుకుంది.

"పిలిచిన్రా?" అని అడిగింది భాగ్య.

"లేదు" అంది మల్లక్క. చెంబును ఒకసారి కింద పెట్టి, మళ్లీ తీసింది. నమ్మకం అంత తేలిగ్గా పోదు. "నేను పోయి కూసుంటె నిజంగనే ఆ ఇంట్ల పీనుగ లేస్తదేమో తెల్వదు. పోకుంటె మాత్రం లేస్తది. నడువు."

ఆ రోజే సంత. బజారంతా కూరగాయల గంపలు, ఇప్పపువ్వు, ఎండు చేపలు. అడవి ఊళ్ల నుంచి వచ్చిన గోండు ఆడవాళ్లు వరసగా కూర్చున్నారు. ఆ గుంపు మధ్యలోంచి మల్లక్క చెంబు పట్టుకుని నడిచింది. మనుషులు ఎప్పటిలాగే ఆగి చూశారు. ఈసారి ఆమె తిరిగింది. పెరటి సందులోకి పోకుండా నేరుగా నాగేశ్వర్ ఇంటి ముందుకు వెళ్లి, ముందు అరుగు మీద చెంబు పెట్టి, దాని పక్కన కూర్చుంది.

బజారు చప్పుడు ఆగిపోయింది. ఎదురుగా బట్టల కొట్టు సేటు చేతిలోని మీటరు కర్ర అలాగే పట్టుకుని దిగి వచ్చాడు.

"ఎవరు పోయిన్రు మల్లక్కా?"

"ఇంకా ఎవ్వరు పోలే సేటూ" అంది మల్లక్క. యాభై ఏళ్లలో ఆమె బజారులో అంత గట్టిగా మాట్లాడడం ఎవరూ వినలేదు. "ఇంట్ల అందరు బాగనే ఉన్నరు. ఊరిడిచి పోకుమని ముందుగాల్నే కబురు చేసిన్రు. సుమన్‌బాయప్పుడు గూడ గిట్లనే చేసిన్రు. ఎవరి కోసమో అడుగుదామని వచ్చిన."

ఆ మాట గంపల మీది నుంచి గంపల మీదికి పాకింది. అరుగు చుట్టూ జనం మూగారు. నాగేశ్వర్ బయటికి వచ్చి, నిండా నిలబడ్డ బజారును చూసి, గడప మీదే ఆగిపోయాడు. అతని వెనక కమలాబాయి వచ్చింది. ఆమె ముఖంలో ఒక్క గీత కూడా మారలేదు.

"పిలువకుండ వచ్చినవ్ మల్లక్కా."

"పిలిచిన్రు గద బాయీ. దినం చెప్పలే, గంతే."

ఆ సందడిలో భాగ్య లోపలికి దూరింది. బొమ్మ గీసే రోజు కాకపోయినా గౌతమిని కుర్చీలో కూర్చోబెట్టి ఉంచారు, పక్కన ఖాళీ పాలగ్లాసు ఉంది. గడ్డం కింద చెయ్యి ఉంది. మెడకు కంటె ఉంది. కళ్లు సగం మూసి ఉన్నాయి.  భాగ్య వంగి, చూపుడు వేలితో కనురెప్ప ఎత్తింది. కిటికీ వెలుతురు ఆ కంట్లో ఒక చిన్న తెల్లటి చుక్కై కనిపించింది. భాగ్యకు ఏడుపొచ్చింది. కంటె ఊడబీకి నేల మీద వేసి, పిల్లను భుజాన ఆనించుకుని నడిపించింది. గుమ్మంలో ప్రతీక్ అడ్డం నిలబడ్డాడు.  భాగ్య అతని భుజం మీదుగా బయటి జనాన్ని చూసింది. అతనూ వెనక్కి తిరిగి చూసి, పక్కకు జరిగాడు.

దవాఖానలో గౌతమి మూడు రోజులు పడుకుంది. ఒంట్లో నిద్రమందు నిండిపోయిందన్నారు. పోలీసులు వచ్చి రాసుకున్నారు. పిల్లకు మతి స్థిమితం లేదు, తానే మింగింది అని నాగేశ్వర్ ఇంటివాళ్లు చెప్పారు. ఆ కాగితం ఎక్కడిదాకా పోయిందో ఎవరికీ తెలియదు. గౌతమి చంద్రపూర్‌లో చదువుకున్నప్పటి స్నేహితురాలి దగ్గరికి చేరి ఒక ఆఫీసులో పనికి కుదిరింది. ప్రతి ఆదివారం భాగ్యకు ఫోన్ చేస్తుంది, మల్లక్క బాగుందా అని అడుగుతుంది.

మల్లక్కను మాత్రం వ్యాపారుల ఇళ్లు పిలవడం మానేశాయి. నోరున్న మనిషితో నీళ్లు పోయించుకోవడానికి ఎవరికి ధైర్యం ఉంటుంది?

నాలుగు నెలలకు కిష్టన్న వచ్చాడు. చంకలో గుడ్డ చుట్టిన కాన్వాసు. దాన్ని గోడకు ఆనించి, నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు.

"బాయి పంపింది మేడం. ఇది పూర్తి చేయాల్నట."

"ఆ పిల్ల అక్కడ లేదు గద కిష్టన్నా."

"చీర, కుర్సీ, కంటె అన్ని ఉండనియ్యుమన్నది. మొఖం ఒక్కటి తుడిచి ఖాళీ పెట్టుమన్నది. కొత్త పిల్ల వచ్చినంక కూసుంటదట. ప్రతీక్‌బాబుకు మళ్ల సంబంధం కుదురుతున్నది."

 పొయ్యి దగ్గర నుంచి మల్లక్క అడిగింది.

"ఏ ఊరి పిల్లనట?"

"ముల్చేర. మాస్టరు బిడ్డ. ఎల్లుండి పూలుపండ్లు తీస్కొని ఖాయం చేసుకునేటందుకు పోతరు" అన్నాడు కిష్టన్న. అని, చుట్టూ చూసి, "నేను చెప్పిన్నని అనకుండ్రి" అని వెళ్లిపోయాడు.

భాగ్య గుడ్డ విప్పింది. గౌతమి సగం మూసిన కళ్లతో కిందికి చూస్తోంది. భాగ్య రంగుల పెట్టె తెరిచి, సన్నటి బ్రష్షుతో రెండు కళ్లలో రెండు తెల్లటి చుక్కలు పెట్టింది. ఆ కాన్వాసును ఇక తిరిగి పంపేది లేదని, ఆరాక చంద్రపూర్ తీసుకుపోయి గౌతమికే ఇచ్చేస్తానని చెప్పడానికి వెనక్కి తిరిగింది.

మల్లక్క తెల్లచీర కట్టుకుని గుమ్మంలో ఉంది. చేతిసంచిలోంచి ఇత్తడి చెంబు మూతి బయటికి కనబడుతోంది.

"ఎక్కడికి అవ్వా? ఆ ఊర్ల నిన్ను ఎవరు పిలిచిన్రు?"

"ఎవ్వరు పిలువలే" అంది మల్లక్క. "ముల్చేర బస్సు ఎన్ని గంటలకో చూసి చెప్పు."